ధినోధర్ చల్లారింది, కచ్ భూమి ఎందుకు కంపిస్తోంది?

గుజరాత్‌లోని కచ్ జిల్లా నఖత్రాణా తాలూకాలో సుమారు 386 మీటర్ల ఎత్తున నిలిచిన ధినోధర్ కొండ ఒకనాటి అగ్నిపర్వతం. ధోరమ్‌నాథ్ అనే యోగి దీనిపై పన్నెండేళ్లు తలకిందులుగా తపస్సు చేశాడని, కళ్లు తెరవగానే ఆయన చూపు సోకిన సముద్రం ఎండి రణ్‌గా మారిందని స్థానిక ఐతిహ్యం. కచ్‌లో భూమి కంపించినప్పుడు ఈ కొండ మళ్లీ మేల్కొంటోందా అన్న సందేహం కలగడం సహజం. అయితే భూగర్భ శాస్త్రం చూపే కారణం వేరు.

దక్కన్ లావా ప్రవాహాలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి. వాటి ఆనవాళ్లు రాజమహేంద్రవరం పరిసరాల్లోనూ ఉన్నాయి. ధినోధర్ కూడా ఆ అగ్నియుగానికి చెందినదే. పైకి ఎగసిన శిలాద్రవం నాళంలోనే గడ్డకట్టింది. చుట్టూ ఉన్న మెత్తని రాళ్లు కాలక్రమంలో కోతకు గురికాగా, గట్టి శిల కొండగా మిగిలింది.

ప్రకంపనల మూలం అంతకంటే పాతది. గోండ్వానా ఖండం విడిపోతున్న కాలంలో ఇక్కడ నేల చీలి, పొడవైన భ్రంశాలు ఏర్పడ్డాయి. తర్వాత భారత ఫలకం ఉత్తరానికి జరిగి యురేషియాను ఢీకొంది. ఆ ఒత్తిడి నేటికీ కొనసాగుతోంది. ఒకప్పుడు విడిపోయిన శిలలే ఇప్పుడు ఒకదానిపైకి మరొకటి నెట్టుకుంటున్నాయి. పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలైతే భూకంపం వస్తుంది.

1819 జూన్ 16న వచ్చిన భూకంపంలో రణ్‌లో పొడవైన మట్టిగట్టు పైకి లేచింది. ప్రజలు దానిని 'అల్లా బంద్' అన్నారు. సమీపంలోని సింద్రీ కోట నీట మునిగింది. 1956లో అంజార్ దెబ్బతింది. 2001 జనవరి 26న 7.7 తీవ్రతతో సంభవించిన భూకంపం సుమారు 20 వేల మందిని బలిగొంది. ఆ భ్రంశం నేల పైభాగానికి చీలిక రాకుండా లోతులోనే కదిలింది. కంటికి కనిపించని భ్రంశాలూ ప్రమాదకరమేనని అది చాటింది.

కనుక కచ్ ప్రజలకు ముప్పు ధినోధర్ లావా నుంచి కాదు, బలహీనమైన గోడల నుంచే. 2001లో మట్టితో పేర్చిన రాతి గోడలు కుప్పకూలగా, 'భూంగా' అనే సంప్రదాయ గుండ్రని ఇళ్లు చాలావరకు నిలిచాయి. భూకంపం ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. ఇంటిని దృఢంగా కట్టుకోవడం మాత్రం మనిషి చేతిలోనే ఉంది.