స్టార్ట్ అయితే సరిపోదు

మన థర్మల్ ల్యాబ్‌లో నిలువునా కోసి పెట్టిన టూ స్ట్రోక్ ఇంజన్ ఒకటుంటుంది కదా. పిస్టన్, పోర్టులు, క్రాంక్‌కేస్ అన్నీ శుభ్రంగా కనిపిస్తాయి. వైవాలో అడిగితే గడగడా చెప్పేస్తాం. అదే ఇంజన్ తుప్పు, మట్టి, ఎండిన ఆయిల్ పట్టి మన ముందుకొస్తే పని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఈ వ్యాసం దాని గురించే.

పోయిన సెలవుల్లో ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత పడవ మోటార్ కొన్నాను. చిన్నది, ఒకటే సిలిండర్, పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. నాలుగు వేలు పడింది. నాగార్జునసాగర్ నీళ్లలో వల వేసే మా మామ కోసం కొన్నాను. ఆయనకు యాభై దాటాయి, ఇంకా తెడ్డుతోనే పడవ నడుపుతాడు. ఈ పని మొదటిసారి చేసేవాళ్లకు పనికొస్తుందని నేను నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను.

అసలు ఇదేంటి?

పడవ వెనక చెక్కకు బిగించి, కావాలంటే విప్పి భుజాన వేసుకుపోగలిగే మోటార్‌ని అవుట్‌బోర్డ్ అంటారు. పైన ఇంజన్, మధ్యలో పొడుగాటి కాలు, కింద నీళ్లలో గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ నిలువుగా ఉంటుంది. దాని కింద డ్రైవ్‌షాఫ్ట్, చివర బెవెల్ గేర్లు. నిలువు తిరుగుడు అక్కడ అడ్డ తిరుగుడుగా మారుతుంది. పొగ కూడా కాలులోంచే నీళ్లలోకి పోతుంది.

అమెరికాలోని మిల్వాకీలో ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో అమ్మకానికి పెట్టిన మోటార్‌తో ఇది వ్యాపారంగా నిలబడింది. ఆయన నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరిన మనిషి. ఆ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. కానీ లోపలి సూత్రం పెద్దగా మారలేదు కాబట్టి ఒక పాత మోటార్ అర్థమైతే మిగతావీ అర్థమవుతాయి.

సంతలో ఏం చూడాలి

ఎర్రగడ్డకి పొద్దున్నే వెళ్ళాలి. పాత పానాలు, డ్రిల్లింగ్ మిషన్లు, ఫ్యాన్ మోటార్లు, వైర్ల చుట్టల మధ్య ఇలాంటివి ఎప్పుడో ఒకటి తగులుతుంది. జేబులో టార్చి, ప్లగ్ పానా ఉంటే చాలు. బేరం మొదలెట్టే ముందు మూడు పనులు చేయండి. ప్లగ్ విప్పి ఫ్లైవీల్‌ని చేత్తో తిప్పండి. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెట్టి మళ్ళీ తిప్పండి, గాలి వేలిని నెట్టాలి. ప్రొపెల్లర్‌ని పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి, మరీ వదులుగా ఉంటే బేరింగ్‌లు పోయినట్టే.

ఫ్లైవీల్ బిగుసుకుపోయి ఉంటే తాడేసి లాగొద్దు. తుప్పు వదిలించే ఆయిల్ ప్లగ్ రంధ్రంలో పోసి రెండు మూడు రోజులు వదిలేయాలి. బలవంతం చేస్తే రింగులు విరుగుతాయి. ఇక కొత్త పెయింట్ చూసి మోసపోవద్దు. ఫిల్మ్ నగర్ ఇక్కడికి ఎంతో దూరం లేదు. సినిమా సెట్లో పెట్టే మోటార్‌కైతే రంగు చాలు, నీళ్ల మీదకెళ్ళే మోటార్‌కి అది ఆఖరి పని.

మూడు ప్రశ్నలు

ఏ పెట్రోల్ ఇంజనైనా తిరగాలంటే కంప్రెషన్, స్పార్క్, ఇంధనం కావాలి. ఈ వరసలోనే వెతకండి.

కంప్రెషన్ గేజ్ అద్దెకైనా తెచ్చుకోండి. రీడింగ్ తక్కువొస్తే సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. బాగా పెరిగితే రింగులు అరిగాయని అర్థం. టూ స్ట్రోక్‌లో ఇంకో సంగతుంది. పెట్రోల్ గాలి ముందు క్రాంక్‌కేస్‌లోకి వస్తుంది, పిస్టన్ కిందికి దిగినప్పుడు అక్కడ నలిగి పైకి పోతుంది. అంటే క్రాంక్‌కేస్ కూడా ఒక పంపే. క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ సీల్స్ గట్టిపడి పగిలితే బయటి గాలి లోపలికొచ్చి, మిశ్రమం పలచబడి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఆయిల్ సీల్‌కి బ్రాండ్ అక్కర్లేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం చెబితే రాణిగంజ్ షాపుల్లో ఇస్తారు.

స్పార్క్ దగ్గర బ్యాటరీ ఉండదు, మాగ్నెటో ఉంటుంది. ఫ్లైవీల్‌లోని అయస్కాంతం కాయిల్ పక్కనుంచి పోతుంటే ప్రైమరీలో కరెంట్ పారుతుంది. సరిగ్గా ఆ సమయానికి కాంటాక్ట్ పాయింట్లు తెరుచుకుంటాయి. అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. రెండో సంవత్సరంలో మనం రాసిన ఫారడే సూత్రమే ఇది. పాయింట్లు నల్లబడితే సన్న గరుకు కాగితంతో రుద్ది, తర్వాత తెల్ల కాగితంతో తుడవాలి. ఫ్లైవీల్‌ని పుల్లర్‌తోనే తీయాలి. సుత్తి దెబ్బ పడితే క్రాంక్‌షాఫ్ట్ వంగుతుంది. అర్ధచంద్రం ఆకారంలో ఉండే చిన్న కీ కూడా చూడండి, అది కోసుకుపోతే టైమింగ్ తప్పుతుంది. ఇక్కడ అనుమానమొస్తే మీ వీధిలో పాత ఆర్‌ఎక్స్ 100 బాగుచేసే మెకానిక్‌ని అడగండి. ఆ తరానికి పాయింట్లంటే కొట్టిన పిండి.

ఇంధనం అంటే ముఖ్యంగా కార్బ్యురేటర్. ఏళ్ల తరబడి నిలవున్న పెట్రోల్ జిగురై జెట్లలో గడ్డకడుతుంది. ఇత్తడి జెట్‌లో ఇనుప తీగ దూర్చకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. క్లీనర్‌లో నానబెట్టి, కరెంట్ వైర్‌లోని ఒక్క రాగి పోగుతో తీయండి. ఇప్పుడు బంకుల్లో పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరుని ఉబ్బిస్తుంది. కాబట్టి పైపులన్నీ మార్చేయాలి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేయాలి.

ఆయిల్ కలిపే లెక్క మోటార్‌ని బట్టి ఉంటుంది. 50:1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. పాత బ్రిటిష్ సీగల్ మోటార్లకైతే 10:1 వాడేవారు. బైకు టూటీ ఆయిల్ కాకుండా నీటితో చల్లబడే మోటార్ల కోసం చేసే టీసీ-డబ్ల్యూ3 రకం తీసుకోండి.

బైక్‌కీ దీనికీ తేడా

చిన్న బైకు గాలికి చల్లబడుతుంది, ఇది తను తేలే నీళ్లతోనే చల్లబడుతుంది. కాలు అడుగున ఒక రబ్బరు ఇంపెల్లర్ నీళ్లని పైకి తోస్తుంది. పాతబడితే దాని రెక్కలు వంగినచోటే గట్టిపడిపోతాయి. చూడ్డానికి బాగున్నా మార్చేయండి. నీళ్లు లేకుండా నడిపితే కొద్ది సెకన్లలోనే కాలిపోతుంది. అందుకే నేను 200 లీటర్ల డ్రమ్ము అంచుకి చెక్క కట్టి, దానికి మోటార్ బిగించి, పంపు మునిగేదాకా నీళ్లు పోశాను. డ్రమ్ము ఆరుబయటే పెట్టాలి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.

గేర్ ఆయిల్ విప్పితే పాలలా తెల్లగా వస్తే సీల్ పోయి నీళ్లు చేరాయని అర్థం. కొత్తది కింది రంధ్రంలోంచి ఎక్కించాలి, పైరంధ్రంలోంచి కారేదాకా. అప్పుడే లోపల గాలి మిగలదు.

ప్రొపెల్లర్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే షియర్ పిన్‌ని మెత్తటి లోహంతో చేస్తారు. రాయి తగిలితే అది విరిగి గేర్లని కాపాడుతుంది. మళ్ళీ మళ్ళీ విరుగుతోందని దాని స్థానంలో గట్టి మేకు కొడితే, ఈసారి విరిగేది గేరే.

మామ అడిగిన ప్రశ్న

డ్రమ్ములో మొదటిసారి మోగిన రోజు మామకి ఫోన్ చేశాను.

"స్టార్టయిందా అల్లుడా?"

"అయింది మామా."

"మంచిదే. నీళ్ల నడుమ బంద్ అయితే?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. బండి ఆగితే పక్కకు తోసి నిలబెడతాం. రిజర్వాయర్ మధ్యలో గాలి లేచినప్పుడు మోటార్ ఆగితే పడవ గాలి ఎటు తోస్తే అటే పోతుంది. స్టార్ట్ అవ్వడం, నమ్మదగ్గది కావడం రెండూ ఒకటి కాదు. అందుకే ఇంకో మూడు వారాలు పరీక్షలు పెట్టాను. రాత్రంతా చల్లబడ్డాక ఎన్ని లాగుళ్లకి అందుకుంటోంది? అరగంట నడిచి, ఆపిన పది నిమిషాలకి వేడిమీద మళ్ళీ అందుకుంటోందా? చల్లబరిచిన నీళ్ల ధార తెగకుండా వస్తోందా? ప్లగ్ రంగు ఎలా ఉంది? లేత గోధుమరంగైతే సరే, తెల్లగా ఉంటే మిశ్రమం పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన. ప్రతిదీ తేదీతో నోట్‌బుక్‌లో రాశాను. వేడిమీద మొరాయించే జబ్బు ఆ పట్టికలోనే బయటపడింది. కండెన్సర్ మార్చాక పోయింది.

ఇప్పుడు మోటార్ మామ పడవకి ఉంది. మొదటి నెల ఒడ్డు కనిపించేంత దూరమే వెళ్ళాలని మాట్లాడుకున్నాం. లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఒక సంచిలో అదనపు ప్లగ్, రెండు షియర్ పిన్నులు, ప్లగ్ పానా, లాగే తాడు ఉంటాయి. తెడ్లు పడవలోంచి తీయలేదు, తీయమని నేనూ చెప్పను.

మీకూ ఇలాంటిది దొరికితే ఇంజన్ విప్పేముందు ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి, బోల్టులు విడివిడి డబ్బాల్లో వేసి పేర్లు రాయండి. సీల్స్, ఇంపెల్లర్, పైపులకి కొన్న ధరంత డబ్బు విడిగా పెట్టుకోండి. మొదటి వారం ఏమీ మోగదు, కంగారు పడొద్దు. కంప్రెషన్, స్పార్క్, ఇంధనం, ఆ తర్వాత నీళ్లు. ఈ వరస తప్పకుండా వెళ్తే జబ్బు ఎక్కడుందో మోటారే చెబుతుంది.