మనవడి హాకీ, నా లెక్కలు

హాకీ అనగానే మనకు కాలేజీ గ్రౌండూ, ధ్యాన్‌చందూ గుర్తుకు రావడం సహజం. నేను చెప్పబోయే హాకీ అది కాదు. కాళ్ళకి స్కేట్లు కట్టుకుని, మంచుగడ్డ మీద, బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్ళతో ఆడేది. ఈ కాలేజీలోనే స్టాటిస్టిక్స్ చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి రిటైరైన నేను 2022-23 చలికాలం కెనడాలోని ఎడ్మంటన్‌లో మా పెద్దబ్బాయి ఇంట్లో గడిపాను. బయట అడుగు పెట్టలేని చలి. ఇంట్లో పధ్నాలుగేళ్ళ మనవడు. వాడికి హాకీ తప్ప వేరే లోకం లేదు.

ముందు ఆట సంగతి. జట్టుకి గోల్‌కీపరుతో కలిపి ఆరుగురు. తప్పు చేసినవాణ్ణి సాధారణంగా రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు. అప్పుడు గోల్‌కీపర్లు కాక అయిదుగురి మీద నలుగురే మిగులుతారు. అయిదుగురున్న జట్టుకి అది ‘పవర్ ప్లే’ (క్రికెట్‌లోది వేరు). నలుగురితో కాచుకోవడాన్ని ‘పెనాల్టీ కిల్’ అంటారు. ఈ పనులకి దిగే బృందాలే స్పెషల్ టీమ్స్. పూర్వం గోల్ పడ్డా రెండు నిమిషాలూ బయటే ఉండాలి. 1955 నవంబరులో మాంట్రియల్ ఆటగాడు జీన్ బెలివో ఒకే పవర్ ప్లేలో 44 సెకండ్లలో మూడు గోల్స్ కొట్టేసరికి పెద్దలు ఆలోచనలో పడ్డారు. 1956 నుంచి ఒక గోల్ పడగానే బయటివాడు లోపలికి రావచ్చు.

కొలత మాత్రం చాలా సులువు. వచ్చిన అవకాశాల్లో నూటికి ఎన్ని గోల్స్ అయ్యాయన్నదే పవర్ ప్లే శాతం. ఆ ఏడు ఎడ్మంటన్ ఆయిలర్స్ 32.4 శాతం సాధించి, 1977-78లో మాంట్రియల్ నెలకొల్పిన 31.9 శాతం రికార్డుని దాటేశారు. ఊరంతా సంబరమే. నాకు మాత్రం పాత జబ్బు తిరగబెట్టింది. భాగహారంలో కింది సంఖ్య ఏమిటని అడిగాను.

“అవకాశాలు, తాతయ్యా!”

అక్కడే ఉంది చిక్కు. పది సెకండ్ల అవకాశమూ ఒకటే, నిండు రెండు నిమిషాలదీ ఒకటే. ముగ్గురి మీద అయిదుగురు ఆడినా ఒకటే. పైగా పవర్ ప్లేలో ఉండి ఎదురు గోల్ తినడం కూడా జరుగుతుంది. 250 అవకాశాల్లో 50 గోల్స్ కొట్టి 12 తిన్న జట్టుకి 20 శాతం. 48 కొట్టి మూడే తిన్నదానికి 19.2. నిజానికి రెండోదే ఏడు గోల్స్ మెరుగు కదా! పెనాల్టీ కిల్‌లో ఇంకో మాయ. 200 సార్లు ఆడి 80 శాతం కాచుకున్న జట్టు 40 గోల్స్ తింటుంది. 280 సార్లు ఆడి 82 శాతం కాచుకున్నది యాభై తింటుంది. శాతం మాత్రం దీన్నే మెచ్చుకుంటుంది.

ఇదంతా వాడికి వినోదంగా చెబుతున్నాననుకున్నా. వాడి మొహం మాడిపోయింది. సంగతేమిటంటే, వాళ్ళ పిల్లల జట్టులో పెనాల్టీ కిల్‌కి రెండు నలుగుర్లు ఉన్నాయి. కోచ్ శాతం చూసి మా వాడి నలుగురినీ పక్కన పెట్టాడట. మా కోడలు గ్యాలరీలో కూర్చుని తీసిన వీడియోలన్నీ ముందేసుకుని, ఇద్దరం ఓ నోటుబుక్కులో సెకండ్లతో సహా రాశాం.

మా వాడి నలుగురూ 12 సార్లు దిగి 4 గోల్స్ తిన్నారు, అంటే 67 శాతం. రెండోవాళ్ళు 12 సార్లకి 3 తిని 75. కానీ మావాళ్ళు నిలబడింది 21 నిమిషాలు, వాళ్ళు 11 నిమిషాలే. పెనాల్టీ సగమయ్యాక దింపేవారు మరి! గంటకి లెక్కేస్తే మావాళ్ళు 11.4, వాళ్ళు 16.4.

వాడు ఎగిరి గంతేశాడు. నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది. “ఒరేయ్, నాలుగు గోల్స్‌తో ఏదీ తేలదురా” అనేశా. ఒక ఏడాదిలో 250 అవకాశాలు వచ్చే పెద్ద జట్లకే, నిజమైన సత్తా 20 శాతమైతే, కేవలం అదృష్టం వల్ల అటూ ఇటూ రెండున్నర శాతం ఊగడం మామూలు. పన్నెండు సార్లకి ఏం చెప్పగలం? అందుకే ఇప్పుడు గోల్స్ కన్నా గోల్ మీదికి వచ్చిన షాట్లు లెక్కపెడతారు. అవి ఎక్కువ సంఖ్యలో ఉంటాయి కనుక త్వరగా నిలకడకొస్తాయి. ఏ షాటు ఎంత దూరం నుంచి, ఏ కోణంలో వచ్చిందో చూసి, గోలయ్యే అవకాశం ఎంతో తూకం వేసే పద్ధతి ఇంకా మేలు. మన గోల్‌కీపరు గొప్పతనం కూడా అక్కడ కాస్త విడిగా కనిపిస్తుంది.

వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడోనాడు నోటుబుక్కులో స్కేలుతో షాట్లకి ఇంకో గడి గీశాడు. వీడియోలన్నీ మళ్ళీ మొదటినుంచి! ఆ గడిలో తేడా చాలా చిన్నదిగానే వచ్చింది, అయినా మావాళ్ళ వైపే. వాడు పుస్తకం తీసుకెళ్ళి కోచ్‌కి చూపించాడు. ఆయన ఏమీ అనలేదట, పుస్తకం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడట.

మే నెలలో ఆయిలర్స్ రెండో రౌండులోనే వేగాస్ చేతిలో ఓడారు. కప్పూ వేగాస్‌కే వెళ్ళింది. ఆటలో ఎక్కువ భాగం అయిదుగురి మీద అయిదుగురే ఆడతారన్న సంగతి ఆ రాత్రి మనవడికి గుర్తు చెయ్యలేదు. అప్పటికి నాకూ కొంచెం బుద్ధి వచ్చింది.