దేశీయౌషధములు - ప్రకటనల పరీక్ష

ఆయుర్వేదము మన పూర్వుల సొత్తు. దానిని రక్షించుట యనఁగా దాని పేర విక్రయింపఁబడు ప్రతి సీసాను రక్షించుట కాదు. మధుమేహము మున్నగు రోగములు తమ మందుతోఁ గుదురునని ప్రకటించుట 1954వ సంవత్సరపు శాసనము ననుసరించి నేరము. కాని ప్రకటన వెలువడిన పిదపఁ గాని యా శాసనము శిక్షింపదు. దానిని నమ్మి, వాడుచున్న మందు మానివేసిన రోగికి అప్పటికే హాని జరిగియుండును.

ఈ కొఱఁతను దీర్చునదిగా 2018లో 170వ నిబంధన వచ్చెను. రాష్ట్రాధికారులు ముందుగాఁ బరీక్షించి సంఖ్య నొసఁగనిదే ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందులను బ్రకటింపరాదని యది శాసించెను. 2024 జులై 1వ తేదీన కేంద్రప్రభుత్వమువారే దానిని దొలఁగించిరి. ఆగస్టు 27న సుప్రీంకోర్టు ఆ తొలఁగింపును నిలిపినను, 2025లో వ్యాజ్యము ముగియుటతో నా నిలుపుదలయు రద్దయ్యెను.

ఇందువలన వర్తకులకు సౌకర్యము కలిగినదేమో, రోగులకుఁ గలిగినదేమి? స్వదేశి యను మాట అసత్యమునకు ముసుఁగు కారాదు. బూటకపు ప్రకటనలవలన మొదటఁ జెడునది నిజమైన వైద్యుని పేరే. ప్రకటనకు ముందే పరీక్ష యను సూత్రమును శాసనముననే స్థిరపఱచి, అందులకుఁ దగిన యుద్యోగులను రాష్ట్రములలో నియమింపవలెనని ప్రభుత్వమువారిని మేము కోరుచున్నాము.