చామంతికి చీకటి కావాలి

కార్తిక మార్గశిర మాసాల్లో ఆలయానికి వచ్చే భక్తుల పూలబుట్టల్లో విరివిగా కనిపించేది చామంతి. ఈ పూలను అంగడిలో కొని తెచ్చి సమర్పిస్తే ఫలం తగ్గుతుందా అని అడిగేవారు కలరు. తగ్గదు. పత్రమైనా పుష్పమైనా భక్తితో ఇచ్చినదే తనకు చాలునని గీతాచార్యుడు తొమ్మిదవ అధ్యాయంలో సెలవిచ్చాడు గాని, అది ఎక్కడ కొన్నావని అడగలేదు. అయితే, పాఠక మహాశయులారా, ఒక మొక్కను కుండీలో నాటి, అది పూచేవరకు కనిపెట్టుకుని ఉన్నవారికి మాత్రమే తెలిసే సంగతి ఒకటున్నది. వేదాధ్యయనంలో ఇంతకాలం గడిపిన నేను దానిని అరవయ్యో ఏడు దాటిన తరువాత నేర్చుకున్నాను.

మా ఆలయ ప్రాకారం వెంబడి అమ్మవారి అర్చన కోసం పన్నెండు కుండీలలో పసుపు చామంతి పెంచుతాము. ఏటా మార్గశిరం నాటికి విరగబూసేది. మూడేళ్ల క్రితం, సాయంకాలపు ప్రదక్షిణలకు వెలుతురు చాలడం లేదని పెద్దలు చెప్పగా, గోడపై పెద్ద విద్యుద్దీపం ఒకటి పెట్టించాను. అది తెల్లవార్లూ వెలిగేది. ఆ ఏడు మొక్కలు నల్లని పచ్చదనంతో ఏపుగా పెరిగాయి. మార్గశిరం వచ్చింది, ఒక్క మొగ్గ లేదు. మట్టిని తప్పుపట్టాను. పిలకలు ఇచ్చిన వానిని తప్పుపట్టాను. చివరకు, చెప్పుకొనుటకు సంకోచమెందుకు, అర్చనలో ఏదో లోపం జరిగిందేమోనని రాత్రులు మథనపడ్డాను.

ఉద్యానశాస్త్రం చదువుకుంటున్న యువకుడొకడు దర్శనానికి వచ్చి కుండీలను చూశాడు. తరువాత తలెత్తి దీపాన్ని చూశాడు. “స్వామీ, వీటికి రాత్రి కావడం లేదు” అన్నాడు. అతని మాటపై రెండు కుండీలను పాకశాల వెనుక చీకటి మూలకు చేర్చాము. పగలు అక్కడ ఎండ తగులుతుంది, రాత్రి ఏ దీపమూ పడదు. మాఘమాసంలో ఆ రెండూ పూచాయి. దీపం కింద ఉన్న పదీ ఆకులతోనే మిగిలిపోయాయి.

చామంతి రాత్రి పెరిగే కాలాన్ని గుర్తించి మొగ్గ తొడిగే మొక్క. మొక్కలు పగటి నిడివిని బట్టి పుష్పిస్తాయన్న విషయాన్ని 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ వెల్లడించారు. నిడివైన చీకటి అవిచ్ఛిన్నంగా ఉండాలి, మధ్యలో వెలుతురు పడితే మొక్క లెక్క తప్పుతుంది. పూల వ్యాపారులు ఈ రహస్యంతోనే రాత్రి దీపాలు పెట్టి పూతను వాయిదా వేస్తారు, నల్లని గుడ్డ కప్పి ముందుకు తెస్తారు. కనుక వీధిదీపం పడే వసారాలో, రాత్రంతా దీపం వెలిగే బాల్కనీలో చామంతి పూయలేదని విచారించేవారు ముందు కుండీని చీకటికి మార్చి చూడండి. మేము భక్తులకు అవసరమైన దీపాన్ని తీయలేదు. ఏటా భాద్రపదం రాగానే కుండీలనే మారుస్తున్నాము.

ఇక పెంచే విధానం. ఆషాఢంలో తల్లిమొక్క మొదట మొలిచిన పిలకలను వేళ్లతో సహా వేరుచేయాలి. పది అంగుళాల కుండీకి ఒకటి చాలు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపితే సరిపోతుంది. కుండీ అడుగున రంధ్రం తప్పనిసరి. మొక్క జానెడు ఎదిగినప్పుడు కొనచిగురు గిల్లండి. మూడు వారాలకు మరల గిల్లండి. ఇలా చేయడానికి మనసొప్పని తల్లులు చాలామంది ఉన్నారు, నాకు తెలుసు. కాని తల తుంచిన మొక్కే గుబురై నూరు పూలిస్తుంది. శ్రావణం దాటిన తరువాత మాత్రం గిల్లరాదు, పూత వెనుకబడుతుంది.

నీరు ఉదయం పూట, మొదట్లోనే పోయాలి. సాయంత్రం ఆకులు తడిపితే మచ్చతెగులు వస్తుంది. మొగ్గల కాడలకు పేనుబంక పడితే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి చల్లండి. పూజకు కోసేటప్పుడు కాడను కత్తెరతో తుంచాలి. లాగితే కొమ్మ విరుగుతుంది.

మనం ఒక పువ్వు అనుకునే చామంతి నిజానికి పూల సమూహం. ప్రతి రేకూ ఒక చిన్న పువ్వే. నడిమి బొడ్డులో సన్నని పూలు మరెన్నో. ఒక్క చామంతితో అర్చించినవాడు సహస్రార్చన చేసినట్లేనని మా శిష్యులతో పరిహాసానికి అంటూ ఉంటాను. జన్మస్థానం చైనా అయినప్పటికీ ఈ పువ్వును మన దేవతలెవరూ పరాయిదనలేదు.

నిర్మాల్యం విషయమై ఒక మాట. పాలిథీన్ సంచిలో కట్టి నదిలో వేయడం ఆచారమని ఏ పెద్దలూ చెప్పలేదు. నిర్మాల్యాన్ని తొక్కరాదన్నదే మన నియమం. దారం, సంచి తీసివేసి, పూలను మూతగల పాత కుండీలో మట్టి పొరల మధ్య మాగబెడితే కొన్ని నెలలకు ఎరువవుతుంది. అది అపచారమని కొందరు నాతో వాదించారు. అమ్మవారి పాదాల నుంచి వచ్చినది మరల అమ్మవారికి పూచే మొక్క వేళ్లకు చేరడంలో నాకు అపచారం కనబడలేదు.

పూత అయిపోగానే ఎండిన మొక్కను కుండీతో సహా పారవేసే ఇళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. మట్టి నుంచి బెత్తెడు మిగిల్చి కాడలు కోసివేయండి. వేసవిలో మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచి, మట్టి ఆరినప్పుడు నీరు పోస్తే చాలు, మొదట్లో కొత్త పిలకలు లేస్తాయి. మా పన్నెండు కుండీలలో ఏటా మాకు కావలసినదాని కంటె ఎక్కువే లేస్తున్నాయి. ఆషాఢంలో ఉదయపు అర్చన ముగిసిన తరువాత అడిగినవారికి వాటిని తడిగుడ్డలో చుట్టి తీర్థప్రసాదాలతో పాటు ఇస్తున్నాను. ఇచ్చేటప్పుడు అడిగేది ఒకటే, “మీ ఇంట రాత్రి దీపం పడని చోటు ఎక్కడున్నది?” అని.