కుంట నీటిలో సిరి చూపిన బాపట్ల శాస్త్రవేత్త

నాచారం: వానాకాలంలో నాలుగైదు నెలలు నీళ్లు నిలిచి, ఎండలకు ఎండిపోయే కుంటను మన పల్లెల్లో ఎవరూ పట్టించుకోరు. అలాంటి కుంటల్లోనే చేపలు పెంచించి లక్షలాది పేదల కడుపు నింపిన శాస్త్రవేత్త డాక్టర్ మోదడుగు విజయ్ గుప్తా. ఆయన 1939లో బాపట్లలో జన్మించారు.

1980వ దశకంలో గుప్తా బంగ్లాదేశ్ పల్లెలకు వెళ్లారు. ఇంటి పక్క గుంతల్లో, రోడ్డు వార కందకాల్లో త్వరగా ఎదిగే చేపపిల్లలను వదిలించారు. మేతకు తవుడు, ఎరువుకు పేడ సరిపోయాయి. పెట్టుబడి తక్కువ కావడంతో ఆడవారు ముందుకు వచ్చారు. ఈ కృషికి 2005లో ప్రపంచ ఆహార బహుమతి, 2023లో పద్మశ్రీ లభించాయి.

పెంచడంతోనే ఆయన పని ముగియలేదు. తిలాపియా చేపకు ఆఫ్రికా పుట్టిల్లు. శాస్త్రవేత్తలు తయారుచేసిన మేలురకం తిలాపియా అక్కడి నదుల్లోకి తప్పించుకుపోతే నాటు చేపతో కలిసి అసలు జాతే చెడుతుందన్న భయం ఉండేది. దీనిపై 2002లో నైరోబీలో నిపుణులు సమావేశమై జాగ్రత్తలు ప్రకటించారు. ఆ చర్చల గ్రంథానికి సంపాదకులలో గుప్తా ఒకరు. దిగుబడి కావాలి, నాటు జాతీ మిగలాలి అన్నదే అందులోని సారం.

ఈ మాట మన చెరువులకూ వర్తిస్తుంది. నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో కాలనీలు, కర్మాగారాలు పెరిగి చెరువులకు మురుగు బెడద వచ్చింది. ఊరి చెరువుల్లో బొచ్చె, రవ్వ పిల్లలు వదులుతున్నారు గాని కొర్రమీను, మార్పు, పరక వంటి నాటు చేపల సంగతి చూసేవారు తక్కువ. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. తోటి చేపలను మింగే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది.

మత్స్య సంఘాల వారు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. నిషిద్ధ చేపపిల్లను చెరువులోకి రానీయరాదు. చెరువు అంచున నాచు, గడ్డి కొంత ఉంచాలి. వేసవిలో లోతు మడుగును పూర్తిగా తోడేయరాదు. వానాకాలంలో నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనిపిస్తే, వాటి కింద తల్లిదండ్రి కొర్రమీనులు కాపలా ఉంటాయి. ఆ రోజుల్లో వాటిపై వల వేయకుంటే ఆ గుంపంతా చెరువుకే మిగులుతుంది.