ఎముక పెరిగితే బలం కాదు – మీ బోరు నీటిని పరీక్ష చేయించారా?



నడుము పట్టుకుపోయిందని మన ఓ.పి.కి వచ్చేవారిని మేము రోజూ చూస్తూనే ఉంటాము. ఒకసారి ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన మనవడిని వెంటబెట్టుకొని వచ్చారు. ఆళ్లగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. ఆయన కూడా చిన్నప్పటి నుంచి ఉలి పట్టినవారే. “రాళ్లు చెక్కే పని గదమ్మా, నడుము పట్టుకోక ఏమైతాది?” అన్నారు. ఎన్నో ఏళ్లుగా నొప్పి మాత్రలు మింగుతున్నారు. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషే తిరగాలి.

మేము వివరాలు రాసుకుంటుండగా మనవడు నవ్వాడు. పిల్లవాడి ముందుపళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపించాయి. “ఇంట్లో ఏ నీళ్లు తాగుతారు?” అని అడిగాము. “మా బోరు నీళ్లేనమ్మా, ముప్పై ఏండ్లుగా” అన్నారు.

ఎక్స్‌రేలో ఆయన వెన్నెముక మామూలు కంటే చాలా తెల్లగా, చిక్కగా కనిపించింది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య కూడా ముళ్లలాగా ఎముక పెరిగింది. డాక్టరుగారు చూసి ఇది ఎముకల ఫ్లోరోసిస్ అన్నారు. బోరు నీటిని పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ పరిమితి దాటి ఉంది.

ఫ్లోరోసిస్ అంటే ఏమిటి?

భూమిలోని కొన్ని రకాల రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బోరు నీటిలో కరుగుతుంది. కొద్దిగా ఉంటే పళ్లకు మంచిదే. ఎక్కువైతే శరీరం దానిని మూత్రం ద్వారా పూర్తిగా బయటకు పంపలేదు. మిగిలినది దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. అది ఎముకను కట్టే కణాలను రెచ్చగొడుతుంది. అప్పుడు ఎముక అవసరానికి మించి ముదురుతుంది. ఎముకలను కలిపి ఉంచే మెత్తని లిగమెంట్లు కూడా గట్టిపడి ఎముకగా మారతాయి. అందుకే కీళ్లు వంగవు. ఇలా పెరిగిన ఎముక చూడటానికి లావుగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. వెన్నెముక లోపలి దారి ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్లు చచ్చుబడే ప్రమాదం కూడా ఉంది.

ఇది మనకు కొత్త జబ్బు కాదు

మన దేశంలో ఈ జబ్బును వైద్యులు మొదట వివరంగా గుర్తించింది మన తెలుగు నేల మీదనే. మద్రాసులోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ షార్ట్, ఆయన తోటి వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో పరిశీలించి 1937లో ప్రకటించారు. ఆ జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. నంద్యాల నుంచి నల్లమల దాటి గిద్దలూరు మీదుగా వెళితే అవి మనకు దూరమేమీ కాదు. నల్లగొండ జిల్లా కష్టం అందరికీ తెలిసినదే. ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాల్లో కూడా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోర్లు ఉన్నాయి. ఒకే ఊరిలో ఒక బోరు మంచిది, పక్క బోరు చెడ్డది కావచ్చు. రంగు, రుచి, వాసన చూసి చెప్పలేము.

ఇంట్లోనే ఇలా చూసుకోండి

1. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకగలరా?
2. గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా?
3. రెండు చేతులూ తల వెనుకకు పెట్టగలరా?

ఇవి చేయలేకపోతే, ఇంట్లో పిల్లల పళ్లపై సుద్దలాంటి తెల్లమచ్చలు గానీ, పసుపు, గోధుమరంగు చారలు గానీ ఉంటే డాక్టరును కలవండి. ఈ చారలు తోమితే పోవు. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపే ఏర్పడతాయి.

అయితే ప్రతి నడుము నొప్పీ ఫ్లోరోసిస్ కాదు. మడమలో, మోకాలిలో ఎముక పెరిగిందని చాలామంది భయపడతారు. వయసుతో అది చాలామందిలో కనిపిస్తుంది. పిల్లల మోచేతికి దెబ్బ తగిలితే మాత్రం గట్టిగా నూనె మర్దన చేయకండి. దానివల్ల కండలో ఎముక పెరిగి చేయి బిగుసుకుపోవచ్చు. త్వరగా పెరిగే గడ్డ, రాత్రి నిద్రపోనివ్వని నొప్పి ఉంటే ఆలస్యం చేయకండి.

ఏమి చేయాలి?

• గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. 1.5 దాటితే తాగరాదు.
• నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడపోసినా, బ్లీచింగ్ వేసినా పోదు.
• ఆర్.ఓ. ప్లాంటు నీరు, కాలువ నుంచి శుద్ధి చేసి ఇచ్చే కుళాయి నీరు, శుభ్రంగా పట్టిన వాననీరు మేలు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే నల్లగొండ పద్ధతి కూడా ఉంది. దానిని తెలిసినవారి కొలత ప్రకారమే చేయాలి.
• చాలా ఇళ్లలో తాగడానికి క్యాను నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడతారు. అన్నం, పప్పు ఆ నీటినే పీల్చుకుంటాయి. వంటకూ మంచినీళ్లే వాడండి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు వాడవచ్చు.
• పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ఉసిరి, జామ తినండి. నల్ల ఉప్పు, చిక్కని డికాషన్ టీ, వక్క, గుట్కా తగ్గించండి.
• కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ముదిరిన ఎముకను తిరిగి మెత్తబరచే మందు లేదు. ఆ పెద్దాయనకు కూడా మేము ఈ మాట దాచకుండా చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత మనవడి తల నిమిరి, “మరి వీనికి?” అని అడిగారు. “ఈ రోజు నుంచి నీళ్లు మారిస్తే వాడి నడుము మీ నడుములా కాదు” అన్నాము.

ఆ తరువాత వచ్చినప్పుడు ఆయన నడుము అలాగే ఉంది, నొప్పి కొంత తగ్గింది. మంచినీళ్ల క్యాను మోసుకొచ్చేది ఇప్పుడు మనవడేనట. మీ ఇంట్లో పిల్లలు ఉంటే, ఈ వారమే ఒక సీసాడు బోరు నీళ్లు పరీక్షకు పంపండి.