రాక్ పాట : కట్టుబడి, నాదము

రాక్ పాటను మొదటిసారి విన్నవారు “ఇది సంగీతమా, రణగొణధ్వనియా?” అని అడుగుట కలదు. ఈ ప్రశ్నకు భౌతికశాస్త్రము కొంత సమాధానము చెప్పగలదు.

ముందు పాట కట్టుబడిని చూతము. రాక్ సంగీతము 1950 ప్రాంతమున అమెరికాలో, ప్రధానముగా నల్లజాతివారి బ్లూస్ పాటలనుండి పుట్టినది. సాధారణముగా ఒక్కొక్క ఆవర్తమునకు నాలుగు దెబ్బలు. వానిలో రెండవ, నాలుగవ దెబ్బలపై డ్రమ్ము గట్టిగా మ్రోగును. తొలినాటి పాటలు పెక్కు 12 ఆవర్తముల చట్రములో ఇమిడి యుండును. షడ్జము ఆధారముగా నాలుగు, మధ్యమముపై రెండు, మరల షడ్జముపై రెండు, పంచమముపై ఒకటి, మధ్యమముపై ఒకటి, చివరకు షడ్జముపై రెండు. తరువాతి పాటలలో చరణము, పల్లవి ఒకదాని వెంట ఒకటి వచ్చును; నడుమ గిటారు వాదనముండును.

ఇంత సులభమైన చట్రమునకు ప్రత్యేకత తెచ్చినది విద్యుత్ గిటారు. దాని ఉక్కుతీగ కంపించినపుడు, క్రిందనున్న అయస్కాంతపు తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెద్దది చేయును. కాని ఆంప్లిఫయరుకు ఒక హద్దు కలదు. అది దాటినచో తరంగముల శిఖరములు కత్తిరించినట్లు చదునగును, నాదము గరగరలాడును. ఇంజనీర్లు దీనిని దోషమనిరి. 1951లో మెంఫిస్ నగరమున “రాకెట్ 88” అను పాటను రికార్డు చేయునపుడు ఆంప్లిఫయరు పాడై యుండెను. దానిలో కాగితము కుక్కి పని సాగించిరి. ఆ గరగర శ్రోతలకు నచ్చినది! 1964లో ఇంగ్లండునందు కింక్స్ బృందపు డేవ్ డేవీస్ కోరియే తన స్పీకరును బ్లేడుతో చీల్చెను.

శిఖరములు తెగినపుడు క్రొత్త కంపనములు పుట్టును. రెండు స్వరములు కలిసి మ్రోగినచో, వాని పౌనఃపున్యముల మొత్తము, భేదము కూడ వినవచ్చును. సెకనుకు 110 కంపనములు గల షడ్జమును, 165 గల పంచమమును తీసికొందము. భేదము 55, మొత్తము 275. ఇవి అన్నియు 55నకు గుణిజములే. కావున చెవికి అవి ఒకే గంభీర నాదముగా తోచును. వీనికి గిటారుపై 138.6 కంపనములు గల అంతర గాంధారమును చేర్చినచో, ఒకవైపు సుమారు 28.6, మరియొకవైపు సుమారు 26 భేదములు పుట్టును. ఇవి 55తో పొసగవు. ఒకదానితో నొకటియు పొసగవు. నాదము కలగాపులగమగును.

అందుచేతనే గరగర ఎక్కువైన పాటలలో వాదకులు గాంధారమును విడిచి, షడ్జ పంచమములను మాత్రమే వాయింతురు. దీనినే “పవర్ కార్డ్” అందురు. మన తంబురాలో మ్రోగు స, పలకును ఇదే 2 : 3 నిష్పత్తి.

రాక్ గిటారులో రణగొణధ్వని లేదని చెప్పలేము. కాని ఆ ధ్వనిలో ఏ స్వరములు నిలుచునో, ఏవి చెదరిపోవునో వాదకులు చెవితోనే కనుగొనిరి. వారి ఎంపికకు కారణమును మనము పైని కూడికలతో, తీసివేతలతో గుర్తింపగలుగుచున్నాము.